చిన్న వయసులో టెస్టోస్టెరాన్ చికిత్స: సూది వేయించుకునే ముందు వరుసగా తేల్చుకోవాల్సినవి

"టెస్టోస్టెరాన్ 270 వచ్చింది, ఇంజెక్షన్ మొదలుపెట్టమంటున్నారు, వేయించుకోవచ్చా?" మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ గురించి పాతికేళ్లు దాటి నలభై నిండని మగవాళ్లు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఒక్క అంకె చూసి దీనికి జవాబు చెప్పలేం. ఆ రక్తం ఎన్ని గంటలకు ఇచ్చారు? ముందు రాత్రి నిద్రపోయారా? వృషణాలతో పని చేయించే ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎంత ఉంది? ఇంకా పిల్లలు కావాలా? ఈ నాలుగూ అడక్కుండా సూది రాసే చోట నుంచి చీటీ తీసుకోకుండా లేచి రావడమే మేలు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. బయటి నుంచి ఇచ్చే టెస్టోస్టెరాన్ వీర్యకణాల తయారీని ఆపేస్తుంది. మగతనం కోసమని వేసుకున్న సూదే సంతానానికి అడ్డం కావచ్చు. అరవై ఏళ్ల మనిషికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. నిన్నగాక మొన్న పెళ్లయినవాడికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఇదే.

కింద ఇచ్చిన మోతాదులు మీకు రాసిన చీటీ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. సొంతంగా కొని వేసుకోవడానికి కాదు. టెస్టోస్టెరాన్ మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.

1. ముందు లక్షణాలు కాగితం మీద పెట్టండి

ల్యాబ్‌కి వెళ్లే ముందే ఈ పని చేయండి. రిపోర్ట్ చూశాక రాస్తే లేని లక్షణాలు కూడా ఉన్నట్టే అనిపిస్తాయి.

టెస్టోస్టెరాన్ లోపాన్ని గట్టిగా సూచించేవి:
- శృంగార కోరిక నెలల తరబడి తగ్గిపోవడం
- నిద్ర లేచేసరికి ఉండే అంగస్తంభన దాదాపు కనిపించకపోవడం
- గడ్డం, చంకల్లో వెంట్రుకలు పలచబడటం, గడ్డం గీసుకోవాల్సిన పని తగ్గడం
- వృషణాలు చిన్నవిగా ఉండటం, లేదా చిన్నవి కావడం
- రొమ్ములు పెరిగి నొప్పి పుట్టడం
- చిన్న దెబ్బకే ఎముక విరగడం

దేనివల్లైనా రాగలిగేవి: నీరసం, చిరాకు, పని మీద ధ్యాస నిలవకపోవడం, పొట్ట పెరగడం, జిమ్‌లో కండ రాకపోవడం, పగటి నిద్ర.

మీ కాగితం మీద ఉన్నవన్నీ రెండో రకమే అయితే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, విటమిన్ బీ12 చూపించుకోండి. దిగులు, నిద్రలేమి గురించి డాక్టరుతో మాట్లాడండి. ఈ వయసులో ఎక్కువమందికి కారణం అక్కడే దొరుకుతుంది.

పొద్దున లేచేసరికి స్తంభన బాగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే ఇబ్బంది అయితే అది చాలావరకు కంగారు వల్లే. దానికి టెస్టోస్టెరాన్ మందు కాదు. హస్తప్రయోగం వల్ల, స్వప్నస్ఖలనం వల్ల హార్మోన్ తగ్గిపోదు. బస్టాండు గోడల మీది పోస్టర్లు బతికేది ఆ భయం మీదే.

2. రక్తం సరిగ్గా ఇవ్వడం

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. టెస్టోస్టెరాన్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. వయసు తక్కువైన కొద్దీ ఈ తేడా ఎక్కువ. ముప్పై ఏళ్లవాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చిన రక్తంలో తక్కువ రావడం వింతేమీ కాదు. అన్నం, టిఫిన్ తిన్నాక కూడా తగ్గుతుంది. అంటే ఉదయం తొమ్మిదికి కారం దోశ తిని, పదకొండున్నరకు ల్యాబ్‌కి వెళ్లి ఇచ్చిన రిపోర్ట్ లెక్కలోకి రాదు.

రక్తం ఇచ్చే ముందు సరిచూసుకోండి:
- సమయం ఉదయం 7 నుంచి 10 లోపు
- రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. కాఫీ, టీ కూడా వద్దు
- ముందు రెండు మూడు రాత్రులు కనీసం 7 గంటల నిద్ర
- ముందు రెండు మూడు రోజులు మద్యం వద్దు. ముందు రోజు ఒళ్లు హూనమయ్యే కసరత్తు వద్దు
- జ్వరం, డెంగీ, టైఫాయిడ్, ఆపరేషన్ అయి ఉంటే పూర్తిగా కోలుకుని నెల దాటాక
- జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే మూడు రోజుల ముందు ఆపాలి

బయోటిన్ సంగతి చాలామందికి తెలియదు. కొన్ని యంత్రాల్లో అది టెస్టోస్టెరాన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా, ఎల్‌హెచ్, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్‌లను తక్కువగా చూపిస్తుంది. రిపోర్ట్ మొత్తం తలకిందులవుతుంది.

నిద్ర సంగతి ఇంకా ముఖ్యం. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న యువకులను వారం పాటు రాత్రికి 5 గంటలే నిద్రపోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లు చూసుకుంటూ రాత్రంతా మేలుకునేవాళ్లు, కృష్ణపట్నం పోర్టులో నైట్ షిఫ్టువాళ్లు, చీమకుర్తి గ్రానైట్ లారీలు నడిపేవాళ్లు, పొగాకు బ్యారన్ కాల్చే రోజుల్లో కాపలా ఉండేవాళ్లు డ్యూటీ దిగి నేరుగా ల్యాబ్‌కి వెళ్లకూడదు. వరుసగా కొన్ని రాత్రులు నిద్రపోగలిగిన వారం చూసుకుని ఇవ్వండి. ఆ వీలు లేకపోతే, మీరు నిద్ర లేచిన రెండు మూడు గంటల్లోపు ఇచ్చి, ఏ వేళ పడుకుని ఏ వేళ లేచారో డాక్టరుకి చెప్పండి.

మొదటిసారి తక్కువ వస్తే కొన్ని వారాల తర్వాత ఇంకో ఉదయం, అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో మళ్లీ ఇవ్వాలి. తక్కువ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి రెండోసారి మామూలుగా వస్తుంది. రెండు రిపోర్టులు లేనిదే లోపం ఉందని తేల్చడానికి లేదు.

3. ఏయే పరీక్షలు, ఏ వరుసలో

మొదటి ఉదయం టోటల్ టెస్టోస్టెరాన్ ఒక్కటి చాలు. అన్నీ ఒకేసారి చేయించి డబ్బు తగలేసుకోవద్దు.

అది తక్కువ వస్తే రెండో ఉదయం ఇవి:
- టోటల్ టెస్టోస్టెరాన్ మళ్లీ
- ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్
- ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్
- ప్రొలాక్టిన్ (పిట్యుటరీ వదిలే ఇంకో హార్మోన్)
- టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లివర్ పరీక్షలు
- సీబీసీ, ఇందులో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) అంకె ఉండాలి
- ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (ఒంట్లో ఇనుము చూసేవి)

ఇవన్నీ సూది పడకముందే అయిపోవాలి. ఒక్క డోసు పడ్డాక ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పడిపోతాయి. అసలు లోపం వృషణాల్లో ఉందా, మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథిలో ఉందా అన్నది ఆ తర్వాత నెలల తరబడి తేలదు.

నెల్లూరు పొగతోటలో ల్యాబులు పక్కపక్కనే ఉన్నాయి, సరే. కందుకూరు, కనిగిరి, ఉదయగిరి లాంటి చోట్ల కలెక్షన్ సెంటర్లు రక్తం తీసి పెద్ద ఊళ్లకు పంపుతాయి. అదేమీ తప్పు కాదు. ముందు రోజే ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: ఉదయం ఎన్ని గంటలకు తెరుస్తారు, టెస్టోస్టెరాన్ ఏ పద్ధతిలో చేస్తారు. ఎల్‌సీ-ఎంఎస్ పద్ధతి అన్నిటికంటే నమ్మకమైంది. అంకె అంచు మీద ఉన్నప్పుడు దానికి అదనంగా పెట్టే ఖర్చు వృథా కాదు.

"ఫ్రీ టెస్టోస్టెరాన్" అని ప్యాకేజీల్లో కలిపి అమ్మే మామూలు పరీక్షను నమ్మకండి. అది తప్పు చూపించే అవకాశం ఎక్కువ. టోటల్, ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్ మూడూ ఉంటే డాక్టరు లెక్కకట్టే ఫ్రీ అంకె దానికంటే మేలు.

4. రిపోర్ట్ చదవడం

ముందు కొలమానం చూడండి. 2.8 నానోగ్రాములు/మిల్లీలీటర్, 280 నానోగ్రాములు/డెసిలీటర్, 9.7 నానోమోల్/లీటర్ మూడూ ఒకటే. ఒక ల్యాబ్‌లో 280 ఉన్నది ఇంకో ల్యాబ్‌లో 2.8కి పడిపోయిందని హడలిపోయేవాళ్లు ఉన్నారు.

హద్దు ఎక్కడ? నానోగ్రాములు/డెసిలీటర్ లెక్కలో అమెరికా యూరాలజీ సంఘం 300 కంటే తక్కువను లోపం అంటుంది. అక్కడి ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాల్లో, స్థూలకాయం లేని 19–39 ఏళ్ల ఆరోగ్యవంతుల కింది హద్దు 264. ఐరోపా యూరాలజీ సంఘం 12 నానోమోల్, అంటే దాదాపు 346 దగ్గర గీత గీస్తుంది. పెద్ద సంఘాలకే ఏకాభిప్రాయం లేని చోట 290 చూసి జీవితాంతం సాగే చికిత్సలోకి దిగడం తొందరపాటు. 150 అయితే మాత్రం ఏ లెక్కన చూసినా తక్కువే.

ఆ తర్వాత ఎస్‌హెచ్‌బీజీ. రక్తంలో టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ ఇది. పొట్ట, షుగర్, కొవ్వు పట్టిన లివర్ ఉన్నవాళ్లలో తగ్గుతుంది. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు, సిరోసిస్‌లో, కొన్ని మూర్ఛ మందులతో పెరుగుతుంది. ఇద్దరి రిపోర్టులు పోల్చి చూడండి:

- పొట్ట ఉన్న మనిషి: టోటల్ 270, ఎస్‌హెచ్‌బీజీ 14. లెక్కకడితే ఫ్రీ టెస్టోస్టెరాన్ దాదాపు 78 పికోగ్రాములు/మిల్లీలీటర్. ఇది మామూలే.
- బక్కపలచని మనిషి: టోటల్ 420, ఎస్‌హెచ్‌బీజీ 75. ఫ్రీ దాదాపు 48. ఇది తక్కువ.

టోటల్ ఒక్కటే చూసి ఉంటే సూది మొదటివాడికి పడేది. రెండోవాణ్ణి ఏమీ లేదని ఇంటికి పంపేవాళ్లు.

ఇప్పుడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్. మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి ఈ రెండింటినీ వదిలి వృషణాలతో పని చేయిస్తుంది.

- టెస్టోస్టెరాన్ తక్కువ, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువ: లోపం వృషణాల్లో. చిన్నప్పుడు వృషణాలు దిగకపోవడం, గవదబిళ్లలు వృషణాలకు పాకడం, మెలితిరగడం, కేన్సర్ చికిత్స, లేదా పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్. చిన్నగా, గట్టిగా ఉన్న వృషణాలతో ఇలా వస్తే కారియోటైప్ (క్రోమోజోముల) పరీక్ష తప్పనిసరి.
- టెస్టోస్టెరాన్ తక్కువ, ఎల్‌హెచ్ తక్కువ లేదా "నార్మల్": లోపం పైన, అంటే పిట్యుటరీ వైపు. యువకుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. టెస్టోస్టెరాన్ పడిపోయినప్పుడు ఎల్‌హెచ్ పెరగాలి. పెరగకుండా నార్మల్‌లో కూర్చుంటే అది నార్మల్ కాదు.

ఈ రెండో రకంలో టోటల్ 150 కంటే తక్కువ ఉన్నా, ప్రొలాక్టిన్ మళ్లీ చూసినా ఎక్కువే ఉన్నా, తలనొప్పితో పాటు పక్కచూపు తగ్గినా పిట్యుటరీ ఎంఆర్ఐ తీయించాలి. ప్రొలాక్టిన్ గడ్డకు మందు మాత్రలు. దాన్ని వదిలేసి టెస్టోస్టెరాన్ ఇస్తే గడ్డ అలాగే పెరుగుతుంది.

5. సరిదిద్దగలిగిన కారణాలు ముందు వెతకండి

ఇంట్లో వాడుతున్న మందులన్నీ, నాటు మందులతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. ఇందులో తరచూ దొరికే దొంగలు:

- గ్యాస్ మాత్రలు. రాబెప్రజోల్, పాంటాప్రజోల్‌తో కలిపి వచ్చే డోంపెరిడాన్, లెవోసల్పిరైడ్ ప్రొలాక్టిన్‌ను పెంచి కోరికను చంపేస్తాయి. కొందరు నెలల తరబడి మింగుతూనే ఉంటారు. డాక్టరుకి చెప్పి మూడు రోజులు ఆపి ప్రొలాక్టిన్ మళ్లీ చూపించుకోండి.
- ట్రమడాల్, కొడీన్ దగ్గు మందులు. నొప్పికని మొదలై అలవాటైనవాళ్లలో ఎల్‌హెచ్, దాంతో పాటు టెస్టోస్టెరాన్ పడిపోతాయి. ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు సాయంతో మాన్పించుకోవాలి.
- మోకాళ్ల నొప్పికి, ఆయాసానికి ఇచ్చే పేరు లేని పొడులు. కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. అదీ పిట్యుటరీని అణచివేస్తుంది. ఇవి చాలాకాలం వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, చెప్పి ఆపాలి.
- దిగులుకు వాడే కొన్ని మాత్రలు. ఇవి టెస్టోస్టెరాన్‌ను తగ్గించకుండానే కోరికను తగ్గిస్తాయి. మందు మారిస్తే సరిపోవచ్చు.
- జిమ్‌లో వేసుకున్న సూదులు. దీని గురించి చివర్లో.

బరువు. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే మనవాళ్ల లెక్కలో ఎక్కువే. 88 కిలోల మనిషి ఆరు నెలల్లో 80కి దిగితే టెస్టోస్టెరాన్ పెరగడమే కాదు, షుగరు, లివరు కూడా దారికొస్తాయి. రాత్రి అన్నం సగం చేసి చేప, గుడ్డు, పప్పు పెంచండి. సాయంత్రం బజ్జీలు మానండి. వారానికి మూడు రోజులు బరువులు, మిగతా రోజులు 40 నిమిషాల చురుకైన నడక. అంకె అంచు మీద ఉండి, ఎంఆర్ఐ అవసరం లేని మనిషికి మేం చెప్పేది ఇదే: ఆరు నెలలు ఈ పని చేసి మళ్లీ రక్తం ఇవ్వండి.

గురక. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగలు బండి మీదే కునుకు వస్తుంటే స్లీప్ స్టడీ చేయించండి. నిద్రలో ముక్కు ద్వారా గాలి పంపే సీపాప్ మెషిన్‌తో టెస్టోస్టెరాన్ అంకె పెద్దగా మారకపోవచ్చు. కానీ మీ నీరసానికి అసలు కారణం అదే అయి ఉండవచ్చు. పైగా తీవ్రమైన స్లీప్ ఆప్నియాకు చికిత్స చేయకుండా టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదు.

6. పిల్లల సంగతి తేలకుండా ముందుకు పోవద్దు

ట్యాంకు నిండితే మోటారు ఆగినట్టు, రక్తంలో టెస్టోస్టెరాన్ బయటి నుంచి నిండితే పిట్యుటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ వదలడం ఆపేస్తుంది. వృషణాల లోపల ఉండాల్సిన టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది వృషణాలే తయారుచేసుకోవాలి, సూదితో అక్కడ నిండదు. అందుకే మూడు నాలుగు నెలల్లో వీర్యకణాలు బాగా తగ్గి, చాలామందిలో సున్నాకు వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారం వారం టెస్టోస్టెరాన్ సూదిని మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించింది. ఆపాక చాలామందికి 6 నుంచి 12 నెలల్లో తిరిగి వస్తాయి. కొందరికి రెండేళ్లు పడుతుంది, కొందరికి పూర్తిగా రావు.

పెళ్లయితే ఈ మాట భార్యతో దాచకుండా చెప్పండి. రెండేళ్లు సంతానం లేక ఆమెను ఆస్పత్రుల చుట్టూ తిప్పి, చివరికి కారణం మీ సూది అని తేలితే ఆ ఇంట్లో ఎవరికీ మంచిది కాదు.

వరుసగా చేయాల్సినవి:

మొదటిది, వీర్యపరీక్ష. 2 నుంచి 7 రోజుల విరామం తర్వాత, ల్యాబ్‌లోనే గది అడిగి ఇవ్వండి. నూనె, క్రీము, సబ్బు వాడకూడదు. మొదటి చుక్కలు కింద పడిపోతే ఆ నమూనా పనికిరాదు, ఆ మాట వాళ్లకు చెప్పండి. ఇంటి నుంచి తేవాల్సి వస్తే ఒంటి వేడి తగిలేలా జేబులో పెట్టుకుని గంటలోపు చేర్చాలి. వింజమూరు నుంచి బస్సులో నెల్లూరు తెచ్చిన నమూనాకు విలువ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్కల్లో కింది హద్దులు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, కదలిక 42 శాతం.

రెండోది, ఏడాదిలోపు పిల్లలు కావాలనుకుంటే టెస్టోస్టెరాన్ వద్దు. బదులుగా డాక్టరుతో మాట్లాడాల్సినవి:
- క్లోమిఫీన్ (పిట్యుటరీని అదిలించే మాత్ర) 25 మిల్లీగ్రాములు రోజూ లేదా రోజు విడిచి రోజు. ఎల్‌హెచ్ తక్కువగానో నార్మల్‌గానో ఉన్నవాళ్లకే పనిచేస్తుంది. మగవాళ్లకు దీని వాడకం లేబుల్‌పై లేనిది, అయినా యూరాలజిస్టులు ఏళ్లుగా రాస్తున్నారు. కళ్ల ముందు మెరుపులు, మసక కనిపిస్తే వెంటనే ఆపాలి. నెల, నెలన్నర తర్వాత రక్తం మళ్లీ చూడాలి.
- ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్ 1500 నుంచి 2000 యూనిట్లు, వారానికి రెండు మూడుసార్లు. పిట్యుటరీ లోపం ఉన్నవాళ్లకు వీర్యకణాలు రావడానికి తర్వాత ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా కలుపుతారు. ఏడాది, ఏడాదిన్నర ఓపిక కావాలి. ఈ మందు 2–8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే నెలలో ఒంగోలు నుంచి ఊరికి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ పెట్టించుకోండి.

ఎల్‌హెచ్ ఇప్పటికే ఎక్కువగా ఉంటే పై రెండూ పెద్దగా ఉపయోగపడవు. వృషణాలు ఎంత అదిలించినా అంతే. క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్లలో కొందరికి శస్త్రచికిత్సతో వృషణం నుంచి కణాలు తీయగలరు. అందుకే టెస్టోస్టెరాన్ మొదలుపెట్టే ముందే సంతాన వైద్య నిపుణుణ్ణి కలవాలి.

మూడోది, పిల్లలు ఇప్పుడు వద్దు, తర్వాత కావాలి అనుకుంటే వీర్యం ఫ్రీజ్ చేయించడం. 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం కింద రిజిస్టరైన కేంద్రంలోనే చేయించండి. చట్టం ప్రకారం పదేళ్ల వరకు దాచవచ్చు. ఏటా కట్టాల్సిన రుసుము, రసీదు మీద మీ గుర్తింపు వివరాలు ముందే సరిచూసుకోండి. ఒక్క నమూనాతో ఆపకుండా రెండు మూడు ఇవ్వండి.

7. అసలు మొదలుపెట్టకూడనివాళ్లు

- దగ్గర్లో పిల్లలు కావాలనుకునేవాళ్లు
- హెమటోక్రిట్ 50 శాతం దాటినవాళ్లు
- రొమ్ము లేదా ప్రొస్టేట్ కేన్సర్ ఉన్నవాళ్లు
- గత ఆరు నెలల్లో గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, అదుపులో లేని హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు
- రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లు
- రెండు ఉదయాల రిపోర్టులు మామూలుగా ఉండి, కండ కోసం మాత్రమే అడిగేవాళ్లు

గుండెకు ప్రమాదం లేదని తేలిపోయింది కదా అని 2023 నాటి ట్రావర్స్ అధ్యయనాన్ని చూపించేవాళ్లు ఉన్నారు. అందులో పాల్గొన్నది 45–80 ఏళ్లవాళ్లు. గుండెపోటు, పక్షవాతం పెరగలేదన్నది నిజమే. ఊపిరితిత్తుల్లో గడ్డలు, గుండె లయ తప్పడం మాత్రం టెస్టోస్టెరాన్ వాడినవాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. ముప్పై ఏళ్లకు మొదలుపెట్టి నలభై ఏళ్లు వాడితే ఏమవుతుందో చెప్పే అధ్యయనం కాదది.

8. ఏ డాక్టరు, ఏమని అడగాలి

ఎండోక్రైనాలజిస్ట్ అయితే మేలు. సంతానం ప్రశ్న కూడా ఉంటే ఆండ్రాలజీ చూసే యూరాలజిస్ట్. నెల్లూరు, ఒంగోలులో నిపుణులు ఉన్నారు. చిక్కు కేసు అయితే తిరుపతి స్విమ్స్, వేలూరు సీఎంసీలలో ఎండోక్రైనాలజీ విభాగాలు ఉన్నాయి. నెల్లూరు నుంచి ఈ రెండూ, చెన్నై కూడా ఒక్కరోజులో వెళ్లగలిగే దూరమే. ప్రకాశం పడమటి వైపు వాళ్లకు గుంటూరు దగ్గర.

సిగ్గుతో సగం చెప్పి వచ్చేకంటే ఈ వాక్యాలు ఫోన్‌లో రాసుకుని వెళ్లి చదివేయండి:
- "సార్, నాకు లోపం వృషణాల్లో ఉందా, పిట్యుటరీలో ఉందా?"
- "మాకు ఇంకా పిల్లలు కావాలి సార్. ఈ మందు వాడితే వీర్యకణాలు ఏమవుతాయి?"
- "ఇది లేకుండా సరిచేసే దారి ఉందా?"
- "ఎన్ని నెలలు చూసి ఫలితం లేకపోతే ఆపేద్దాం?"

చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే ఇంకో డాక్టరును అడగండి.

9. మొదలుపెట్టాలనే తేలితే ఏ రూపంలో

మొదటిసారి వాడేవాళ్లు తక్కువ రోజులు పనిచేసే రూపంతో మొదలుపెట్టాలన్నది మా అభిప్రాయం. పడకపోతే ఆపేయవచ్చు. మూడు నెలల సూది లోపలికి పోయాక బయటికి తీయలేం.

జెల్: 1 శాతం జెల్ రోజుకు 5 గ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్. ఉదయం స్నానం చేసి, ఒళ్లు బాగా ఆరాక, భుజాలు, జబ్బల మీద రాసి, చేతులు సబ్బుతో కడిగి, చొక్కా వేసుకోవాలి. కొన్ని గంటలు ఈత, స్నానం వద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే జాగ్రత్త. రాసిన చోటు వాళ్ల ఒంటికి తగిలితే ముందుగానే యుక్తవయసు లక్షణాలు వస్తాయి. ఎండాకాలం చొక్కా లేకుండా పిల్లల్ని పక్కన వేసుకుని డాబా మీద పడుకునే అలవాటున్న ఇంట్లో జెల్ వద్దు.

ఎనాంథేట్ సూది: వారానికి 75–100, లేదా రెండు వారాలకు 150–200 మిల్లీగ్రాములు కండలోకి. రెండు వారాలకోసారి వేస్తే మొదటి రోజుల్లో హుషారు, చివరి రోజుల్లో నీరసం, చిరాకు. అదే మొత్తాన్ని వారం వారం చేస్తే ఈ ఊగిసలాట తగ్గుతుంది. నాలుగు ఎస్టర్లు (టెస్టోస్టెరాన్ రూపాలు) కలిపిన 250 మిల్లీగ్రాముల సూదిలో వేరుశనగ నూనె ఉంటుంది. పల్లీలు పడనివాళ్లు ముందే చెప్పాలి.

అన్‌డెకానోయేట్ 1000 మిల్లీగ్రాములు: మొదటిది, ఆరు వారాలకు రెండోది, తర్వాత 10–14 వారాలకోసారి. 4 మిల్లీలీటర్ల నూనె మందు, పిరుదులోకి రెండు నిమిషాల పాటు నిదానంగా ఎక్కించాలి. వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. నూనె రక్తనాళంలోకి పోతే హఠాత్తుగా దగ్గు, ఆయాసం వస్తాయి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సూది కాదిది.

అన్‌డెకానోయేట్ మాత్రలు కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడతాయి. మిథైల్ టెస్టోస్టెరాన్ మాత్రలు లివర్‌ను దెబ్బతీస్తాయి, ఎవరు రాసినా వద్దు.

10. వాడుతున్నప్పుడు చూసుకోవాల్సినవి

మొదలుపెట్టిన 3–6 నెలల మధ్య ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి, ఆ తర్వాత ఏటా: టెస్టోస్టెరాన్, హెమటోక్రిట్, లక్షణాల కాగితం. నలభై దాటినవాళ్లకు డాక్టరు సలహాతో పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష).

రక్తం ఎప్పుడు ఇవ్వాలి:
- ఎనాంథేట్: రెండు సూదుల మధ్య సరిగ్గా నడుమ, 350 కంటే తక్కువో 600 కంటే ఎక్కువో ఉంటే డోసు మార్చాలి
- అన్‌డెకానోయేట్ సూది: తర్వాతి డోసుకు ముందు
- జెల్: కనీసం వారం వాడాక, రాసిన 2–8 గంటలకు

సూది వేసిన మర్నాడే రక్తం ఇచ్చి 1100 వచ్చిందని సంబరపడటం, లేదా భయపడి డోసు సగం చేసుకోవడం మామూలుగా జరిగే తప్పు.

ఇబ్బందులు, వాటికి చేయాల్సినవి:
- హెమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపాలి. తగ్గాక తక్కువ డోసుతో, లేదా జెల్‌కి మారి మొదలుపెడతారు. గురక, సిగరెట్ కారణాలేమో చూడాలి. ఎండలో పని చేసి నీళ్లు తాగకుండా ఇచ్చిన రక్తంలోనూ పెరిగి కనిపిస్తుంది. ముందు రోజు బాగా నీళ్లు తాగి మళ్లీ చూపించండి.
- మొటిమలు, జిడ్డు: డోసు ఎక్కువేమో చూడాలి.
- రొమ్ము నొప్పి: డాక్టరుకు చెప్పకుండా జిమ్ అన్న ఇచ్చిన అనస్ట్రజోల్ (ఈస్ట్రోజెన్‌ను తగ్గించే మాత్ర) మింగకండి. ఈస్ట్రోజెన్ మరీ తగ్గితే ఎముకలు, కోరిక రెండూ దెబ్బతింటాయి.
- ఒక కాలే వాచి నొప్పి పుట్టడం, ఛాతీ నొప్పి, హఠాత్తుగా ఆయాసం: ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి.

కోరికలో మార్పు మూడు నుంచి ఆరు వారాల్లో మొదలవుతుంది. కండ, కొవ్వు తేడా తెలియడానికి మూడు నాలుగు నెలలు. ఆరు నెలలు అంకె సరిగ్గా ఉండి కూడా కాగితం మీది లక్షణాలు అలాగే ఉంటే మీ బాధకు కారణం టెస్టోస్టెరాన్ కాదు. డాక్టరుతో మాట్లాడి ఆపేయండి. ఆపాక సొంత తయారీ మళ్లీ మొదలయ్యేలోపు కొన్ని వారాల నుంచి నెలల పాటు మొదటికంటే నీరసంగా ఉంటుంది. అది చూసి "మందు లేకుండా బతకలేను" అని మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

11. జిమ్‌లో ఇప్పటికే వేసుకున్నవాళ్లకు

"ఒక సైకిలే అన్నా, ఏం కాదు" (సైకిల్ అంటే కొన్ని వారాల పాటు వేసుకునే సూదుల వరుస) అన్న మాట మీద వేసుకుని, ఆపాక కోరిక పోయి, రిపోర్ట్‌లో టెస్టోస్టెరాన్ 90 వస్తే అది పుట్టుకతో వచ్చిన లోపం కాదు. పిట్యుటరీ ఇంకా నిద్ర లేవలేదంతే. ఎల్‌హెచ్ కూడా అడుగంటి ఉంటుంది.

- ఏమేం వేసుకున్నారో, ఎన్ని వారాలు, ఆఖరి సూది తేదీ రాసుకోండి. సీసా ఫొటో ఉంటే ఉంచండి. సీసా మీది పేరే లోపల ఉందన్న నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు.
- డాక్టరుకు దాచకండి. ఆ మాట దాస్తే జీవితాంతం వాడాల్సిన మందు రాసేస్తారు.
- టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, హెమటోక్రిట్, కొలెస్ట్రాల్, లివర్, వీర్యపరీక్ష చేయించండి. సూదులు పంచుకుని ఉంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ కూడా.
- రెండు మూడు నెలలకోసారి మళ్లీ చూపించండి. చాలామందికి నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఒంట్లో చాలాకాలం నిలిచే నాండ్రోలోన్ డెకానోయేట్ లాంటి స్టెరాయిడ్లు వాడినవాళ్లకు ఆలస్యమవుతుంది.
- తట్టుకోలేనంత దిగులుగా ఉన్నా, త్వరగా పిల్లలు కావాలన్నా క్లోమిఫీన్, హెచ్‌సీజీ గురించి డాక్టరును అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఇంట్లో ఎవరికైనా వెంటనే చెప్పండి. టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.
- పోటీల్లో ఆడే కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగ్ క్రీడాకారులకు టెస్టోస్టెరాన్ నిషిద్ధం. నిజంగా జబ్బు ఉన్నా మందు వాడే ముందే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా నుంచి అనుమతి తెచ్చుకోవాలి.